ఓటమి తర్వాతి గేమ్: దుబాయ్ 2021 కేస్ స్టడీ

2021 డిసెంబరు 3 సాయంత్రం దుబాయ్‌లో మొదలైన ఆరో గేమ్ అర్ధరాత్రి దాటాక 136వ ఎత్తు దగ్గర ముగిసింది. ప్రపంచ చెస్ చాంపియన్‌షిప్ మ్యాచుల్లో అంత పొడవైన గేమ్ అంతకుముందు లేదు. 1978లో కార్పోవ్, కోర్చ్‌నోయ్ ఆడిన 124 ఎత్తుల గేమే అప్పటిదాకా రికార్డు. 7 గంటల 45 నిమిషాలు బోర్డు ముందు కూర్చుని చాలెంజర్ ఇయాన్ నెపోమ్నియాషి (ఇకపై నెపో) ఆ గేమ్ ఓడాడు. దానికి ముందు ఐదు గేములూ డ్రా. దాని తర్వాత ఆడిన ఐదింటిలో రెండు డ్రా, మూడు ఓటములు. 14 గేముల మ్యాచ్ 11వ గేముకే 7.5–3.5తో అప్పటి చాంపియన్ మాగ్నస్ కార్ల్‌సన్ పరమైంది.

"ఒత్తిడికి తట్టుకోలేకపోయాడు" అని ఒక్క మాటలో తేల్చేయొచ్చు. కోచ్‌కి ఆ మాటతో పని జరగదు. ఒత్తిడి వల్ల బోర్డు మీద ఏ పని ఆగిపోయింది, ఏ ఎత్తు దగ్గర ఆగిపోయింది అన్నది తేలితేనే దానికి మందు వెయ్యగలం. ఈ కేసును ఎంచుకోవడానికి కారణం కూడా అదే. ప్రతి ఎత్తూ అందరి ముందూ ఉంది, పైగా ఆడింది 2782 రేటింగ్ ఉన్న మనిషి. తెలియక చేశాడనడానికి వీల్లేదు. ఆయన మనసులో ఏముందో మనం చెప్పలేం, చెప్పక్కర్లేదు కూడా. ఎత్తులు చూస్తే చాలా తెలుస్తుంది.

మాటల గురించి ఒక మాట. ఇంట్లో ఏనుగు, శకటు, గుర్రం, మంత్రి అంటాం కానీ టోర్నమెంట్ హాల్లో అడుగుపెట్టిన పిల్లలంతా రూక్, బిషప్, నైట్, క్వీన్ అనే అంటున్నారు. ఇక్కడా అవే వాడుతున్నాం. బంటును మాత్రం బంటు అనే ఉంచుదాం, ఎందుకంటే ఈ కేసులో అసలు పాత్ర దానిదే. ఈ6, బి5 లాంటివి గళ్ల పేర్లు. పావు పేరు లేకుండా "బి5 ఆడాడు" అంటే బంటును ఆ గడికి తోశాడని.

ఆరో గేమ్ వరకు

మ్యాచ్‌లో టైం కంట్రోల్ ఇది: మొదటి 40 ఎత్తులకు 120 నిమిషాలు, తర్వాతి 20 ఎత్తులకు 60 నిమిషాలు, ఆపైన మిగతా గేమంతటికీ 15 నిమిషాలు. ఎత్తుకు 30 సెకన్ల ఇంక్రిమెంట్ (ప్రతి ఎత్తుకూ గడియారంలో కలిసే అదనపు టైం) 61వ ఎత్తు నుంచే వస్తుంది. అంటే 40వ ఎత్తుకు ముందు టైం అయిపోతే ఆదుకునేది ఏదీ లేదు. నెపో మొదటి నుంచీ చకచకా ఆడే మనిషి. చూపు చురుకు, లెక్క వేగం. క్యాండిడేట్స్ (చాంపియన్‌తో ఎవరు తలపడాలో తేల్చే టోర్నమెంట్) గెలిచి దుబాయ్ దాకా వచ్చింది ఆ వేగంతోనే. ఈ సంగతి తర్వాత మళ్లీ వస్తుంది.

కార్ల్‌సన్ వైపు చూస్తే, 2016లో కర్యాకిన్ మీద పదో గేమ్ గెలిచాక ప్రపంచ చాంపియన్‌షిప్ క్లాసికల్ గేముల్లో ఆయనకు వరసగా 19 డ్రాలు. ఆ గొలుసు తెగింది ఆరో గేములోనే. 26వ ఎత్తులో తన క్వీన్ ఇచ్చి రెండు రూక్‌లు తీసుకున్నాడు. 40వ ఎత్తు దగ్గర పడుతుండగా ఇద్దరికీ టైం కరిగిపోయింది, ఇద్దరూ చేతికొచ్చిన అవకాశాలు వదిలేశారు. 80వ ఎత్తు దాటాక బోర్డు మీద ఒకవైపు క్వీన్, మరోవైపు రూక్, నైట్, కొన్ని బంట్లు. చివరికి రాజులతో కలిపి ఏడే పావులు మిగిలాయి. ఏడు పావుల స్థితికి కంప్యూటర్ టేబుల్‌బేస్ తుది తీర్పు చెప్పేస్తుంది. దాని ప్రకారం 130వ ఎత్తులో నెపో క్వీన్‌ను ఈ6కి తెచ్చేదాకా అది డ్రా. ఆ ఎత్తుతో ఓటమి.

ఆ ఎత్తుకు భావోద్వేగం పేరు పెట్టకూడదు. ఎనిమిదో గంట దగ్గరపడుతుండగా, ఇంక్రిమెంట్ మీద బతుకుతూ, అన్ని ఎత్తులపాటు ఒక్క తప్పు లేకుండా కాపాడుకోవాల్సిన స్థితి అది. మనిషి అలసిపోయాడు, అంతే. కేసు ఇక్కడ మొదలవలేదు. ఇక్కడ తగిలిన దెబ్బ ఎక్కడ తేలిందన్నదే కేసు.

మర్నాడు, డిసెంబరు 4న, విరామం లేకుండా ఏడో గేమ్. 41 ఎత్తుల్లో ప్రశాంతంగా డ్రా. కోచ్‌లు మోసపోయేది ఇలాంటి చోటే. "తేరుకున్నాడు" అనిపిస్తుంది. తెలిసిన ఓపెనింగ్, తెలిసిన మార్పిడులు, గొడవ లేని డ్రా వచ్చిందంటే దెబ్బ మానిందని కాదు. అక్కడ అది పరీక్షకే రాలేదు.

మూడు బంట్లు

డిసెంబరు 5, ఎనిమిదో గేమ్. కార్ల్‌సన్ తెల్లపావులు, నెపో నల్లపావులతో పెట్రాఫ్ అనే ఓపెనింగ్. తొమ్మిదో ఎత్తులో నెపో హెచ్5 ఆడాడు. పదో ఎత్తులో కార్ల్‌సన్ క్వీన్‌ను ఈ1కి తెచ్చి చెక్ ఇచ్చాడు. అడ్డంగా క్వీన్ పెట్టి మార్చుకుంటే డ్రా దిశగా సాగిపోయే గేమ్. నెపో రాజును ఎఫ్8కి జరిపాడు. కాస్లింగ్ (రాజును రూక్ పక్కకు చేర్చి భద్రపరిచే ఎత్తు) పోయింది, పోరాటం మిగిలింది. ఒక పాయింటు వెనకబడ్డ మనిషి తీసుకున్న రిస్క్ ఇది. ఈ నిర్ణయాన్ని సమర్థించొచ్చు, తప్పుబట్టొచ్చు. కానీ ఇది తెలిసి చేసింది.

21వ ఎత్తు వేరే సంగతి. నెపో బి5 ఆడాడు. బంటు ముందుకొచ్చి సి4లో ఉన్న బిషప్‌ను బెదిరించింది. కార్ల్‌సన్ బిషప్‌ను కదపలేదు. ఈ3లో ఉన్న క్వీన్‌ను ఏ3కి తెచ్చి చెక్ ఇచ్చాడు. ఏ3 నుంచి ఎఫ్8 దాకా ఏటవాలు గీతంతా ఖాళీ. రాజు జీ8కి జరిగాడు, క్వీన్ ఏ7 బంటును తినేసింది. లోతైన లెక్కేమీ లేదు. అవతలివాడి ఒక చెక్, ఆ తర్వాత ఒక కొట్టుడు. పదో ఎత్తులో రాజు ఎఫ్8కి వచ్చినప్పటి నుంచీ ఆ ఏటవాలు గీత మీద కన్నేసి ఉంచాల్సిందే. బి5 కదలడంతో సి5, బి4 గళ్ల మీద చెక్‌కు అడ్డం పెట్టేందుకు ఏమైనా మిగిలిందా అని కూడా చూడలేదు. 46 ఎత్తుల్లో గేమ్ పోయింది.

డిసెంబరు 6 విశ్రాంతి. 7న నెపో తొమ్మిదో గేముకి పొడవాటి జుట్టు కత్తిరించుకుని వచ్చాడు. కొత్తగా మొదలుపెడదామనుకున్న మనిషి చేసే పనే. ఓడిన వెంటనే పెన్ను మార్చడం, చొక్కా మార్చడం, జడ మార్చడం మన టోర్నమెంట్లలోనూ రోజూ చూస్తాం. తప్పేం లేదు, నష్టం లేదు. అయితే ఆగిపోయిన పని దానితో తిరిగి మొదలు కాదు.

ఆ గేములో నెపోకి తెల్లపావులు, మంచి పొజిషన్. 26వ ఎత్తులో బిషప్‌తో బి7 బంటు తిన్నాడు. కార్ల్‌సన్ రూక్‌ను ఏ4కి తెచ్చి సి4 బంటు మీద పడ్డాడు. నెపో ఆ బంటును సి5కి తోశాడు. బెదిరింపు పోయింది కదా! కార్ల్‌సన్ సి6 ఆడాడు. ఇప్పుడు బి7 బిషప్‌ను చూడండి. ముందుకు వద్దామంటే సి6లో బంటు అడ్డం. ఏ6 గడి మీద ఏ4 రూక్ కాపలా. ఏ8, సి8 గళ్ల మీద డి8 రూక్ కాపలా. వెళ్లడానికి చోటే లేదు. నింపాదిగా వచ్చి 31వ ఎత్తులో ఆ బిషప్‌ను తినేశారు. 39 ఎత్తులకు గేమ్ ముగిసింది. సి5 ఆడకముందు బిషప్‌కు దారి ఉంది. ఆ దారిని మూసే జవాబును తనే పిలిచాడు.

పదో గేమ్ డ్రా. డిసెంబరు 10న పదకొండో గేమ్, మళ్లీ తెల్లపావులు. 22వ ఎత్తులో కార్ల్‌సన్ రూక్ ఎఫ్4లోకి దిగింది. 23వ ఎత్తులో నెపో జీ3 ఆడి ఆ రూక్‌ను కసిరాడు. కార్ల్‌సన్ రూక్‌ను వెనక్కి తీయలేదు, డి4 బంటుతో ఈ3 నైట్‌ను కొట్టాడు. రూక్‌ను బంటుతో తింటే జీ4లో క్వీన్ చెక్, తెల్ల రాజు ముందు గోడ లేదు. 49 ఎత్తుల్లో మ్యాచ్ అయిపోయింది. అంత పైస్థాయి ఆటగాడు ఈ3 మీద కొట్టుడు అసలు చూడకపోవడం నమ్మశక్యం కాదు. చూసి, తర్వాత వచ్చేది తట్టుకోగలననుకుని ఉండొచ్చు. కాబట్టి మొదటి రెండింటితో దీన్ని ఒకే గాటన కట్టడానికి కొంచెం వెనకాడాలి.

అయినా మూడింటినీ పక్కపక్కన పెడితే ఒకటి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. బి5, సి5, జీ3: మూడూ బంటు ఎత్తులే. 2023లో ఆస్తానాలో డింగ్ లిరెన్‌తో జరిగిన మ్యాచ్‌లో 12వ గేమ్, నెపో గెలుపు దగ్గరున్నప్పుడు గేమ్ తలకిందులైన 34వ ఎత్తు ఎఫ్5, అదీ బంటే. నాలుగు ఎత్తులతో సూత్రం కట్టలేం. కానీ బంటు ఎత్తుకున్న గుణం చెప్పుకోవాలి. అది వెనక్కి రాదు, చేతికి హాయిగా ఉంటుంది, "ఏదో చేశాను" అనిపిస్తుంది. మీద పడ్డ పావును కసరడానికి, బెదిరింపు తప్పించుకోవడానికి, మోస్తున్న బరువు దించుకోవడానికి అన్నిటికంటే దగ్గర్లో దొరికేది బంటే. లోపల కుదురు లేనప్పుడు చెయ్యి ముందు దాని మీదికే వెళ్తుంది.

నిర్ధారణ

చెస్ ఎత్తు వెనక నాలుగు పనులుంటాయి. అవతలివాడు ఎందుకు ఆడాడో చూడటం, రెండు మూడు ఎత్తులు ఎంచుకోవడం, లెక్కపెట్టడం, చివరగా ఆడబోయే ఎత్తుకు అవతలివాడి జవాబు వెతకడం. మొదటి మూడూ ఆటగాడికి అలవాటుగా జరిగిపోతాయి, కోపంలోనూ జరుగుతాయి. నాలుగోది మాత్రం కావాలని చెయ్యాలి. దానికి ఒక క్షణం తన ఎత్తును పక్కన పెట్టి అవతలివైపు కుర్చీలో కూర్చోవాలి. తన బాధలో, తన కసిలో ఉన్నవాడు ఆ కుర్చీ దాకా వెళ్లడు. దుబాయ్‌లో ఎనిమిది, తొమ్మిది గేముల్లో పోయింది ఈ నాలుగో పని. ప్రతిభ పోలేదు, ప్రిపరేషన్ పోలేదు. మర్నాటి నుంచి ఆట ఎలా ఆడాలో ఆయన మర్చిపోలేదనడానికి 2022లో మాడ్రిడ్ క్యాండిడేట్స్ సాక్ష్యం. అక్కడ ఒక్క గేమ్ ఓడకుండా 14కు 9.5తో గెలిచాడు.

బయటికి కనిపించే కోపాన్ని కొలత అనుకోవద్దు. 2025 జూన్ 1న నార్వే చెస్‌లో గుకేశ్ చేతిలో ఓడిన కార్ల్‌సన్ బల్ల మీద గుద్దాడు, పావులు ఎగిరిపడ్డాయి. ఆ టోర్నమెంట్ చివరికి గెలిచింది ఆయనే. నోరు మెదపకుండా, తల దించుకుని హాలు దాటే పిల్లాడికి తర్వాతి రౌండులో ఎక్కువ ప్రమాదం ఉండొచ్చు. (గుద్దమని చెప్పడం లేదు. పిల్లల టోర్నమెంట్లో ఆర్బిటర్, అంటే రిఫరీ, ఊరుకోడు, ఊరుకోకూడదు.)

భావాలన్నీ గడియారం మీద ఒకేలా కనిపించవు. ఉక్రోషం వేగం పెంచుతుంది, మూడు నాలుగు ఎత్తులు వరసగా అరనిమిషం లోపు పడతాయి. కంగారు కూడా అంతే, కానీ అది అవతలివాడు ఊహించని ఎత్తు ఆడిన వెంటనే ఒక్క ఎత్తుకే వస్తుంది. బెంగ దీనికి పూర్తిగా తలకిందులు. 20 నిమిషాలు కూర్చుని మొదట అనుకున్న ఎత్తే ఆడతాడు, 30వ ఎత్తుకల్లా టైం ఉండదు. ధీమా అన్నిటికంటే దొంగ. పావు గెలిచాక వస్తుంది, ఎత్తులు తేలిగ్గా పడతాయి, పిల్లాడి మొహం వెలుగుతుంటుంది, కోచ్‌కి కూడా అనుమానం రాదు. అందుకే మనసు గురించి అడిగేకంటే గడియారం చదవడం మేలు.

షీట్ ఎలా రాయాలి

పిల్లాడి తప్పుల్ని రాసే ఈ షీట్‌కు కావాల్సింది వరసగా 10 నుంచి 12 సీరియస్ గేములు, వాటి స్కోర్‌షీట్లు (గేమ్ ఆడుతూ ఎత్తులు రాసుకునే కాగితాలు). ప్రతి ఐదో ఎత్తు పక్కన మిగిలిన నిమిషాలు రాయించాలి. ఫిడే (అంతర్జాతీయ చెస్ సమాఖ్య) నియమాలు స్కోర్‌షీట్ మీద ఎత్తులు, గడియారం టైం, డ్రా ప్రతిపాదనలు, క్లెయిములకు సంబంధించినవి రాయనిస్తాయి. "నిదానం", "చెక్ చూడు" లాంటివి రాసుకోకూడదు, అది నోట్సు కింద లెక్క. ఇంకో పాత అలవాటు కూడా మాన్పించాలి: ముందు ఎత్తు రాసుకుని, చూసుకుని, తర్వాత ఆడటం. ఒకప్పుడు కోచ్‌లే నేర్పేవారు. ఇప్పుడు డ్రా క్లెయిమ్ లాంటి సందర్భాల్లో తప్ప ఆడాకే రాయాలి.

ఇంటికొచ్చాక ప్రతి గేమునూ ఇంజిన్‌లో (పొజిషన్ విలువను బంట్లలో లెక్కగట్టే చెస్ ప్రోగ్రాం) వేసి, విలువ ఒక్కసారిగా 1.5 బంట్లు లేదా అంతకన్నా ఎక్కువ పడిన ఎత్తులు మాత్రమే తీసుకోవాలి. 1400 రేటింగ్ లోపు పిల్లలకు 2.5 పెట్టుకోవాలి, లేకపోతే షీట్ నిండిపోయి ఏమీ తెలియదు. ఒక్కో తప్పుకు ఒక వరస: ఎత్తు నంబరు, దాని మీద ఖర్చైన టైం (అంచనాగానైనా), దానికి ముందు మూడు ఎత్తుల్లో ఏం జరిగింది, ఏ పావు కదిలింది, కారణం. కారణం గడిలో నాలుగు మాటలకే చోటు: చూడలేదు, చూసి తప్పుగా అంచనా వేశాను, తెలిసే రిస్క్ తీసుకున్నాను, టైం లేదు.

ఈ నాలుగూ విడదీయడమే షీట్ పని. దుబాయ్ ఎనిమిదో గేమునే రాస్తే 10వ ఎత్తు పక్కన "తెలిసే రిస్క్", 21వ ఎత్తు పక్కన "చూడలేదు" పడతాయి. రెంటినీ కలిపి "తొందరపడ్డాడు" అని రాస్తే మందు మారిపోతుంది. రిస్క్‌ది మ్యాచ్ లెక్కల గురించి మాట్లాడుకోవాల్సిన విషయం. చూడకపోవడం బోర్డు మీద అలవాటు విషయం. పదకొండో గేమ్ 23వ ఎత్తు పక్కన ప్రశ్నార్థకం పెట్టుకోవచ్చు, పెట్టుకోవాలి. తెలియనిచోట తెలిసినట్టు గడి నింపితే షీట్ మొత్తం పనికిరాకుండా పోతుంది.

టైం లెక్క ఇలా వేసుకోండి. మన రేటింగ్ టోర్నమెంట్లలో మామూలుగా 90 నిమిషాలు, ఎత్తుకు 30 సెకన్ల ఇంక్రిమెంట్. 40 ఎత్తులకు ఇంక్రిమెంట్ రూపంలో 20 నిమిషాలు వస్తాయి, మొత్తం 110. ఎత్తుకు సగటున 2 నిమిషాల 45 సెకన్లు. ఓపెనింగ్‌లో పదో పన్నెండో ఎత్తులు గబగబా పోతాయి కాబట్టి ఆ తర్వాత దాదాపు మూడున్నర నిమిషాలు చేతిలో ఉన్నట్టే. పావులు ఎదురెదురుగా ఉన్న స్థితిలో 40 సెకన్ల లోపు ఎత్తు పడితే దాని కింద గీత గీయాలి. గీత పడిన ఎత్తులూ "చూడలేదు" ఎత్తులూ ఎన్నిసార్లు కలిశాయో లెక్కపెడితే, పిల్లాడి ఆటలో భావోద్వేగం ఎంత తింటోందో అంచనా దొరుకుతుంది.

బోర్డు దగ్గర

నాలుగో పనిని చేయించడానికి మూడు ప్రశ్నలు చాలు. నేను ఇది ఆడాక అవతలివాడు ఏ చెక్ ఇవ్వగలడు? ఏది కొట్టగలడు? నా ఏ పావుకి దారి మూసేయగలడు? మొదటిది ఎనిమిదో గేమ్ ప్రశ్న, రెండోది పదకొండోది, మూడోది తొమ్మిదోది. అడుగుతున్నంతసేపూ చేతులు బల్ల కింద ఉండాలి. ముట్టుకుంటే ఆడాల్సిందే కాబట్టి చెయ్యి పైకి లేచాక వచ్చిన ఆలోచనకు విలువ లేదు. మొత్తం 15 నుంచి 20 సెకన్లు.

ప్రతి ఎత్తుకూ చేయమంటే చెయ్యరు, చేసినా టైం మిగలదు. ఐదు సందర్భాలకే కట్టుబడాలి: ఊహించని ఎత్తు ఎదురైనప్పుడు, ఇప్పుడే ఏదైనా గెలిచినప్పుడు, ఇప్పుడే తన తప్పు తెలిసినప్పుడు, మూడు ఎత్తులు వరసగా గబగబా పడినప్పుడు, ఓపెనింగ్ దాటాక బంటు కదపబోతున్నప్పుడు. చివరిదానికి ఒక అదనపు ప్రశ్న: ఈ బంటు వదిలి వెళ్లే గడి మీద, అది ఇంతదాకా కాపాడుతున్న గళ్ల మీద ఇక కాపలా ఎవరు?

ఈ పద్ధతి బాగా పనిచేసిన గేమ్ అందరికీ తెలిసిందే. 2024 డిసెంబరు 12, సింగపూర్, 14వ గేమ్. స్కోరు 6.5–6.5. నల్లపావులతో ఆడుతున్న గుకేశ్‌కు ఒక బంటు ఎక్కువ, అయినా డ్రా అయ్యే ఎండ్‌గేమ్ (కొద్ది పావులే మిగిలిన చివరి దశ). 55వ ఎత్తులో డింగ్ లిరెన్ రూక్‌ను ఎఫ్2లో పెట్టి మార్పిడికి పిలిచాడు. రూక్‌లు పోతే ఈ బాధ తీరిపోతుందన్నట్టున్న ఎత్తు. కానీ ఆయన బిషప్ ఏ8 మూలన ఉంది. రూక్‌ల మార్పిడి తర్వాత నల్ల బిషప్ డి5కి వస్తే రెండు బిషప్‌లూ మారక తప్పదు, మిగిలే బంట్ల ఎండ్‌గేమ్ నల్లపావులదే. గుకేశ్ కూడా దాన్ని మొదట గమనించలేదు. రూక్‌ను బి3కి జరపబోయానని గేమ్ అయ్యాక విలేకరుల ముందు చెప్పాడు. జరిపి ఉంటే గేమ్ అలాగే సాగేది. చెయ్యి లేవకముందు మళ్లీ చూశాడు. కనిపించిన క్షణంలో మొహం మారిపోయింది, నీళ్లు తాగాడు, కుదురుగా కూర్చున్నాడు, మరోసారి చూసుకుని అప్పుడు కొట్టాడు. 58 ఎత్తులు. 18 ఏళ్ల కుర్రాడు కదిలిపోలేదనుకోవద్దు. డింగ్ చెయ్యి కలిపాక గుకేశ్ బోర్డు ముందే వెక్కివెక్కి ఏడ్చాడు.

అదే మ్యాచ్‌లో గుకేశ్ మొదటి గేమ్ తెల్లపావులతో ఓడాడు, రెండోది డ్రా చేసి మూడోది గెలిచాడు. మానసిక శిక్షణకు ప్యాడీ అప్టన్‌ను పెట్టుకోవడం వెనక ఉన్నది ఇలాంటి రోజుల లెక్కే.

రెండు రౌండ్ల మధ్య

ప్రపంచ చాంపియన్‌షిప్‌లో విశ్రాంతి రోజులుంటాయి. మన ఓపెన్ టోర్నమెంట్లో ఉదయం రౌండు ఒంటిగంటన్నరకు అయితే మూడింటికి రెండోది. ఆ గంటన్నరలో ఏం జరిగిందన్నదే చాలాసార్లు రెండో గేమ్ ఫలితం. మామూలుగా జరిగేది ఇది: హాలు తలుపు దగ్గరే నాన్న. "ఏమైందిరా? గెలిచే పొజిషన్ కదా, అంత తొందరేమొచ్చింది?" అమ్మ ఫోన్‌లో అప్పటికే ఇంజిన్ తెరిచి ఉంటుంది. పిల్లాడు అన్నం కెలుకుతూ 27వ ఎత్తు దగ్గరే ఉంటాడు. మూడింటికి కూర్చునేది ఉదయం బోర్డు ముందే.

చేయాల్సింది తక్కువ. స్కోర్‌షీట్ల మీద సంతకాలు, ఆర్బిటర్‌కి ఫలితం, బయటికి. "పద, తిందాం" అన్న ఒక్క మాట. పెరుగన్నం, అరటిపండు లాంటి తేలికపాటి తిండి, 20 నిమిషాలు. తిన్నాక స్కోర్‌షీట్ కాపీలో ఎక్కడ చూడలేదో పిల్లాడే పెన్సిల్‌తో ఒక చుక్క పెట్టాలి. చర్చ వద్దు, ఇంజిన్ రాత్రికి. ఆ చుక్క ఎందుకంటే, "మొత్తం చెత్తగా ఆడాను" అన్న బాధ "27వ ఎత్తులో ఒకటి చూడలేదు" అన్నంత చిన్నదవుతుంది. తర్వాత పెయిరింగ్ (ఎవరితో ఎవరు ఆడాలన్న జాబితా) చూసి ఓపెనింగ్ పది నిమిషాలు. కూర్చోవడానికి ముందు నాలుగు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలడం, పదిసార్లు. రెండు నిమిషాలు కూడా పట్టదు. గేమ్ మధ్యలో లేచి నడవాలనిపిస్తే అవతలివాడి టైంలో లేవాలి. తన వంతు ఉండగా ఆర్బిటర్‌ని అడగకుండా ఆట ప్రాంతం వదలకూడదు.

మొదటి రౌండు ఓటమి టోర్నమెంటును నిర్ణయించదని పిల్లలకు చెప్పడానికి మన దగ్గరే మంచి ఉదాహరణ ఉంది. 2024 డిసెంబరులో న్యూయార్క్‌లో ప్రపంచ ర్యాపిడ్‌లో కోనేరు హంపి మొదటి గేమ్ ఓడింది. 11 గేముల్లో 8.5తో టైటిల్ గెలిచింది. ర్యాపిడ్‌లో తర్వాతి గేముకి గంటన్నర కూడా ఉండదు.

ఎక్కడ చెడుతుంది

ఎక్కువగా చెడేది మూడు ప్రశ్నలు జపంలా మారినప్పుడు. చెక్, కొట్టుడు, దారి అని లోపల గొణిగి, బోర్డు చూడకుండానే ఆడేస్తారు. పట్టుకునే మార్గం సులువు: ప్రాక్టీస్ గేమ్ మధ్యలో ఆపి "ఇప్పుడు వాడికున్న చెక్‌లు చెప్పు" అనాలి. వరస వెంటనే రాకపోతే జపమే జరుగుతోంది. వారానికి రెండుసార్లు, ఒక్కోసారి 20 పొజిషన్లు, ఒక్కోదానికి 30 సెకన్లు, అవతలివాడి చెక్‌లూ కొట్టుళ్లూ మాత్రమే పలికించడం దీనికి మందు. పజిల్స్‌తో ఇది రాదు. పజిల్‌లో గెలిచే ఎత్తు మనదే కదా.

బెంగ రకం పిల్లాడికి ఈ ప్రశ్నలు ఇస్తే ఇంకా నెమ్మదిస్తాడు, టైం పోగొట్టుకుంటాడు. వాడికి ఇవ్వాల్సింది పైకప్పు: ఎనిమిది నిమిషాలు దాటితే మొదట అనుకున్న ఎత్తే ఆడెయ్. షీట్ రాయకుండా అందరికీ ఒకే మందు పోసే అకాడమీల్లో జరిగే నష్టం ఇక్కడే. నెపోలా వేగమే బలమైనవాణ్ణి మొత్తంగా నెమ్మదించమనడమూ ఇలాంటి పొరపాటే. వేగం ఉండనివ్వాలి, ఐదు సందర్భాల్లో మాత్రం ఆపాలి.

"ప్రశాంతంగా ఆడు" అన్న సలహా ఎవరికీ పనిచేయదు. చెప్పిన పని చేతులతో చేయగలిగేదై ఉండాలి. చేతులు బల్ల కింద పెట్టడం చేయగలరు. ప్రశాంతంగా ఉండటం అనేది చేసే పని కాదు.

ఓటమి తర్వాత నిద్ర పట్టకపోవడం, తిండి మానేయడం, బోర్డు చూస్తేనే భయం, ఇవి రెండు వారాలు దాటినా తగ్గకపోతే షీట్ పక్కన పెట్టి సైకాలజిస్టు దగ్గరికి పంపాలి. డింగ్ లిరెన్ ప్రపంచ చాంపియన్ అయ్యాక తన డిప్రెషన్ గురించి బాహాటంగా చెప్పాడు. అది మూడు ప్రశ్నలతో తీరేది కాదు, కోచ్ చేతిలోనిదీ కాదు.

షీట్ ఎల్లకాలం రాయించేది కాదు. వరసగా మూడు టోర్నమెంట్లలో, ఓడిన గేమ్ తర్వాతి గేములో "చూడలేదు" గడి ఖాళీగా ఉంటే ఆపేయొచ్చు. మళ్లీ తెరవడానికి రేటింగ్ పడేదాకా ఆగకండి. ఓటమి తర్వాతి గేమ్ స్కోర్‌షీట్‌లో 15, 20, 25 ఎత్తుల పక్కనున్న నిమిషాలు చూడండి. 15వ ఎత్తు దగ్గర 78, 25వ ఎత్తు దగ్గర 77 ఉంటే, ఇంక్రిమెంట్ కలుపుకున్నా పది ఎత్తులకు ఆరు నిమిషాలే వాడాడన్నమాట. ఆ గేమ్ గెలిచినా సరే, ఆ రాత్రే షీట్ తియ్యాలి.